అరవై నాలుగు గళ్ళ జీవితం

టెట్‌కీ డీఎస్సీకీ చదివినవాళ్ళను అర్ధరాత్రి లేపి అడిగినా మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ చెప్పిన ఎనిమిది దశలూ వరసగా అప్పజెబుతారు. నమ్మకం-అపనమ్మకం, స్వతంత్రత-సందేహం, చొరవ-తప్పు చేశాననే భావన, శ్రమించడం-న్యూనత, పాత్ర గుర్తింపు-పాత్ర సందిగ్ధం, సన్నిహితత్వం-ఏకాంతం, ఉత్పాదకత-స్తబ్ధత, చిత్తశుద్ధి-నిరాశ. వీటినే మనోసాంఘిక వికాస దశలంటారు. ఒకవైపు వయసులు, ఇంకోవైపు ఈ జంటలు ఉండే పట్టిక మన సైకాలజీ గైడ్లలో తప్పకుండా కనిపిస్తుంది. పరీక్షలో ఒక బిట్‌కు జవాబు గుర్తించడానికి అది సరిపోతుంది. మన పిల్లల్నీ, మన తల్లిదండ్రుల్నీ, మనల్నీ అర్థం చేసుకోవడానికి మాత్రం సరిపోదు.

ఎందుకంటే ఎరిక్‌సన్ గీసింది ఆ పట్టిక కాదు. 1950లో వచ్చిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ' పుస్తకంలో ఆయన గీసిన పటంలో అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 గళ్ళున్నాయి. కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూల దాకా ఏటవాలుగా పోయే ఎనిమిది గళ్ళలోనే దశల పేర్లు రాశాడు. తక్కిన 56 గళ్ళూ ఖాళీగా వదిలాడు. మన పట్టికల్లోకి ఆ ఎనిమిది గళ్ళే వచ్చాయి. ఖాళీ గళ్ళు రాలేదు. ఆయన చెప్పదలచుకున్నదాంట్లో పెద్ద భాగం ఆ ఖాళీ గళ్ళలోనే ఉంది.

పటంలో ఒక్కో అడ్డ వరస ఒక్కో వయసు. ఒక్కో నిలువు వరస జీవితం మనముందు పెట్టే ఒక్కో ప్రశ్న. నమ్మకానికి సంబంధించిన ప్రశ్న ఏడాది బిడ్డకు ఎంత ఉందో పదిహేనేళ్ళ పిల్లకూ, నలభై ఏళ్ళ సంసారికీ, ఎనభై ఏళ్ళ అవ్వకూ అంతే ఉంటుంది. కాకపోతే రూపం మారుతుంది. గర్భంలోని పిండంలో ప్రతి అవయవానికీ వేగంగా ఎదిగే కాలం ఒకటి ఉన్నట్టే, మనసులోని ప్రతి సామర్థ్యానికీ ఒక కాలం ఉందని ఎరిక్‌సన్ భావించాడు. ఆ కాలానికి ముందే దాని మొలక ఉంటుంది, ఆ కాలం దాటాకా దాని ఎదుగుదల సాగుతుంది. ఏటవాలు గడి చెప్పేది ఆ ప్రశ్న ముదిరి మనిషిని నిలదీసే వయసును మాత్రమే.

జంటల సంగతీ అంతే. నమ్మకం గెలిచి అపనమ్మకం పూర్తిగా ఓడిపోవాలని ఆయన అనలేదు. ఎవర్ని పడితే వాళ్ళను నమ్మే పిల్లవాడికి బతుకు ప్రమాదమే. రెండూ ఉండాలి, మొగ్గు మాత్రం నమ్మకం వైపు ఉండాలి. అలా మొగ్గినప్పుడు మనిషికి ఒక బలం సమకూరుతుంది. తొలి దశలో ఆశ, ఆ తర్వాత వరసగా సంకల్పం, లక్ష్యం, నేర్పు, నిబద్ధత, ప్రేమ, బాధ్యత, వివేకం. 

వీటన్నిటికీ మించి ఎరిక్‌సన్ పట్టుబట్టి చెప్పిన మాట మరొకటుంది. ఏ మనిషీ ఏ దశనూ ఒంటరిగా గడపలేడు. తొలి దశలో ఉన్న బిడ్డను ఎత్తుకునే చేతులు ఏడో దశలో ఉన్న మనిషివి. గడియారంలో పళ్ళ చక్రాలు ఒకదాని పళ్ళలో మరొకటి పట్టుకుని తిరిగినట్టు తరాల జీవితాలు ఒకదాన్నొకటి తిప్పుకుంటూ నడుస్తాయి. ఒక తరం ఎక్కడైనా ఆగిపోతే పక్క తరం కూడా ఆగిపోతుంది. ఈ అధ్యాయమంతా ఈ సంగతి గురించే.

తండ్రెవరో తెలియని కుర్రాడు

ఎరిక్ 1902 జూన్ 15న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి కార్లా అబ్రహంసెన్‌ది కోపెన్‌హాగన్‌కు చెందిన యూదు కుటుంబం. కన్నతండ్రి ఎవరన్నది ఎరిక్‌కు జీవితాంతం తెలియలేదు. అతనికి మూడేళ్ళప్పుడు కార్లా, కార్ల్స్‌రూహెలో పిల్లల డాక్టరుగా ఉన్న థియోడర్ హోంబర్గర్‌ను పెళ్ళి చేసుకుంది. ఆయనే నాన్న అని పిల్లవాడికి చెప్పి పెంచారు. పొడుగ్గా, బంగారు రంగు జుట్టుతో, నీలి కళ్ళతో ఉన్న ఆ కుర్రాణ్ణి యూదుల ప్రార్థనా మందిరంలో తోటి పిల్లలు పరాయివాడన్నారు. బడిలో జర్మన్ పిల్లలు యూదుడన్నారు. 'నేనెవరిని' అనే ప్రశ్న అతనికి పుస్తకాల్లో ఎదురైంది కాదు, ఇంట్లోనూ వీధిలోనూ రోజూ ఎదురైందే.

స్కూలు చదువు ముగిశాక కాలేజీలో చేరలేదు. బొమ్మలు వేసుకుంటూ కొన్నేళ్ళు యూరప్‌లో తిరిగాడు. 1927లో చిన్ననాటి స్నేహితుడు పీటర్ బ్లాస్ పిలిస్తే వియన్నా వెళ్ళి ఒక చిన్న బడిలో టీచరయ్యాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్‌కు సన్నిహితులైనవాళ్ళు నడిపే బడి అది. ఆమె దగ్గరే మనోవిశ్లేషణలో తర్ఫీదు పొందాడు. 1933లో ఆ తర్ఫీదు పూర్తయ్యేసరికి జర్మనీ హిట్లర్ చేతుల్లోకి పోయింది. భార్య జోన్‌నూ పిల్లల్నీ తీసుకుని కోపెన్‌హాగన్ మీదుగా అమెరికా చేరాడు. 1939లో అక్కడి పౌరసత్వం తీసుకుంటూ ఎరిక్‌సన్ అనే ఇంటిపేరు తనకు తానే పెట్టుకున్నాడు. యూనివర్సిటీ డిగ్రీ ఒక్కటి కూడా లేని ఈ మనిషి 1960లో హార్వర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు.

మనిషి మనస్తత్వపు పునాదులన్నీ ఐదారేళ్ళ లోపే పడిపోతాయని ఫ్రాయిడ్ అనుచరులు గట్టిగా నమ్మే కాలమది. ఎరిక్‌సన్ ఆ పునాదుల ప్రాముఖ్యాన్ని కాదనలేదు. కానీ రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక క్లినిక్‌లో చికిత్స చేస్తున్నప్పుడు ఆయన చూసింది వేరు. వాళ్ళకు తమ పేరు తెలుసు, ఊరు తెలుసు. నిన్నటి తనకూ ఇవాళ్టి తనకూ మధ్య ఉండాల్సిన కొనసాగింపు మాత్రం తెగిపోయింది. ఆ స్థితిని వర్ణించడానికి ఆయన వాడిన 'ఐడెంటిటీ క్రైసిస్' అన్న మాట తర్వాత ప్రపంచమంతా పాకింది. పెద్దయ్యాక కూడా మనిషి విరగొచ్చు, పెద్దయ్యాక కూడా మళ్ళీ నిలబడొచ్చు అన్న ఎరుక ఆయన సిద్ధాంతానికి ఆయువుపట్టు.

మొదటి రెండేళ్ళు

తల్లి గదిలోంచి బయటికి వెళ్ళినప్పుడు బిడ్డ మరీ బెంబేలు పడకుండా ఉండగలగడం మనిషి సాధించే మొట్టమొదటి సామాజిక విజయమని ఎరిక్‌సన్ అంటాడు. ఈ మాట వెనకాల ఎంత పని జరిగి ఉండాలో చూడండి. ఆకలేసి ఏడిస్తే పాలొచ్చాయి. తడిసి ఏడిస్తే పొడి బట్ట వచ్చింది. కడుపునొప్పికి ఏడిస్తే నొప్పి వెంటనే తగ్గకపోయినా ఒక భుజం దొరికింది. వందలసార్లు ఇలా జరిగాక, కనిపించకపోయినా అమ్మ ఉంది అన్న భరోసా బిడ్డ లోపల కూర్చుంటుంది. ఆశ అంటే ఇదే. దీనికి తిండి ఎంత పెట్టారన్నది కాదు, పిలిస్తే పలికే మనిషి ఒకరు స్థిరంగా ఉన్నారా లేదా అన్నదే లెక్క.

అలాంటి మనిషి లేకపోతే ఏమవుతుందో రుమేనియా చూపించింది. గర్భస్రావాన్ని నిషేధిస్తూ 1966లో చౌషెస్కూ ప్రభుత్వం తెచ్చిన శాసనం వల్ల, పెంచలేని కుటుంబాలు పిల్లల్ని ప్రభుత్వ శిశు గృహాల్లో వదిలేశాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి ఆ గృహాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. తిండీ బట్టా ఉన్నాయి. షిఫ్టుల్లో మారిపోయే ఆయాలు తప్ప తనదనుకునే మనిషి ఏ బిడ్డకూ లేదు. చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు 2000 తర్వాత బుకారెస్ట్‌లో 136 మంది పసివాళ్ళను ఎంచుకుని, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతావాళ్ళకు అప్పటిదాకా నడుస్తున్న ఏర్పాటే కొనసాగింది. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి, మనుషులతో అనుబంధం ఏర్పరచుకోవడం నేర్చారు. రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళు అందరికంటే బాగా కోలుకున్నారు.

వాళ్ళు పరీక్షించింది ఎరిక్‌సన్ సిద్ధాంతాన్ని కాదు. కానీ ఆ పటంలోని తొలి గడి ఊహ కాదని, దానికి నిజంగానే ఒక కాలం ఉందని ఆ ఫలితాలు చెప్పాయి. ఇంకో సంగతి కూడా చెప్పాయి. బిడ్డలో లోపమేమీ లేదు. లేనిది ఎదురుగా నిలబడి పలకాల్సిన పెద్ద మనిషే.

బడి దాకా, బడిలో

ఏడాదిన్నర దాటిన పిల్ల స్పూను లాక్కుని 'నేనే' అంటుంది. సగం అన్నం గౌను మీదే పడుతుంది. అయినా ఆ 'నేనే' లోంచే సంకల్పం పుడుతుంది. ప్రతిసారీ స్పూను లాగేసుకుని, పడేసినందుకు నలుగురి ముందు నవ్వితే సిగ్గూ సందేహమూ మిగులుతాయి. మూడు దాటాక ఆ పిల్లే టీచరాట ఆడుతుంది, బొమ్మల పెళ్ళి చేస్తుంది, రోజుకు నూరు ప్రశ్నలడుగుతుంది. ఇది చొరవ. అడిగిందానికీ, ఊహించిందానికీ తిట్లే జవాబైతే, కావాలనుకోవడమే తప్పన్న భావన లోపల దిగిపోతుంది.

ఆరు నుంచి పన్నెండు దాకా వయసును మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. పసితనపు ముద్దూ పోయింది, యవ్వనపు గొడవా రాలేదని ఊరుకుంటారు. ఎరిక్‌సన్ మాత్రం ప్రతి సమాజమూ ఈ వయసులోనే పిల్లలకు ఏదో ఒక పద్ధతిలో పని నేర్పడం మొదలుపెడుతుందని గమనించాడు. కొన్నిచోట్ల బడి, కొన్నిచోట్ల వల, కొన్నిచోట్ల మగ్గం. మొదలుపెట్టిన పనిని ముగించడంలో ఉండే ఆనందం పిల్లలకు తెలిసే వయసు ఇది. హార్వర్డ్ మనోవైద్యుడు జార్జ్ వైలంట్, బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది కుర్రాళ్ళను నడివయసు దాకా వెంబడించిన అధ్యయనంలో దీనికి బలమైన సాక్ష్యం దొరికింది. 1981లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, చిన్నప్పుడు ఇంటిపనో, బడిపనో, చిన్నపాటి ఉద్యోగమో శ్రద్ధగా చేసిన కుర్రాళ్ళు పెద్దయ్యాక మానసికంగా దృఢంగా ఉన్నారు, మనుషులతో సఖ్యంగా ఉన్నారు. ఆ కుటుంబం ఎంత పేదది, ఇంట్లో ఎన్ని చిక్కులున్నాయి అన్న అంశాలకంటే ఈ పనిచేసే అలవాటే భవిష్యత్తును బాగా సూచించింది.

దీన్ని ర్యాంకుల పరుగుకు సమర్థనగా చదివితే తలకిందులు చేసినట్టే. ఆ కుర్రాళ్ళకు దక్కింది 'ఇది నా వల్ల అవుతుంది' అన్న ధీమా. నలభై మంది క్లాసులో ఒక్కరినే మెచ్చుకుంటే ముప్ఫై తొమ్మిది మందికి న్యూనతే మిగులుతుంది.

ఈ దశ ఇంటి చేతుల్లోనే లేదని ఎరిక్‌సన్ 1938లో దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్‌లో తెలుసుకున్నాడు. అక్కడి సూ అనే ఆదివాసీ తెగవారి పిల్లలు బడిలో నిరాసక్తంగా ఉంటారని ప్రభుత్వ టీచర్లు ఫిర్యాదు చేసేవాళ్ళు. ఆయన ఇళ్ళల్లోకి వెళ్ళి చూస్తే తల్లులు బిడ్డల్ని గారాబంగా పెంచుతున్నారు, అడిగినప్పుడల్లా పాలిస్తున్నారు. తొలి దశకు ఏ లోటూ లేదు. లోటు వేరేచోట ఉంది. ఆ తెగ బతుకంతా అడవిదున్నల వేట చుట్టూ అల్లుకున్నది. తెల్లవాళ్ళు ఆ దున్నల మందల్ని తుడిచిపెట్టేశారు, తెగను రిజర్వేషన్ అనే హద్దులు గీసిన ప్రాంతంలో పెట్టారు. తాతలు తమకు తెలిసిన ప్రపంచానికి తగ్గట్టు పిల్లల్ని పెంచుతున్నారు, ఆ ప్రపంచం మాత్రం లేదు. బడి నేర్పే చదువు ఎవరిలా అవడానికో ఆ పిల్లలకు కనబడలేదు. పెద్దల తరం చేతిలో పని లేకుండా చేస్తే పిల్లల తరానికి నేర్చుకునే కారణం లేకుండా పోతుందని ఆయన గ్రహించాడు.

'నేనెవరిని' అనడానికి వ్యవధి

పన్నెండు దాటాక శరీరం మారిపోతుంది, అద్దంలో మనిషి కొత్తగా కనిపిస్తాడు. చిన్నప్పటి నుంచి పోగైన నమ్మకం, సంకల్పం, చొరవ, నేర్పు అన్నిటినీ ఒకచోట చేర్చి 'ఇదీ నేను' అనాలి. ఆ మాటను చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. దీనికి కొంత కాలం కావాలని, ఆ కాలాన్ని సమాజమే ఇవ్వాలని ఎరిక్‌సన్ అన్నాడు. తాను కుంచె పట్టుకుని తిరిగిన సంవత్సరాలు తనకు అలాంటి వ్యవధే.

ఆయన ఆలోచనను కొలతకు అందేలా చేసినవాడు జేమ్స్ మార్షియా. 1966లో ఆయన రెండు ప్రశ్నలు పెట్టాడు. ఈ యువకుడు తన ముందున్న దారుల్ని వెతికి చూశాడా? ఏదో ఒక దారికి మనస్ఫూర్తిగా కట్టుబడ్డాడా? జవాబుల్ని బట్టి నాలుగు స్థితులు తేలాయి. వెతికి కట్టుబడ్డవాళ్ళు, ఇంకా వెతుకుతున్నవాళ్ళు, వెతక్కుండానే పెద్దలు చూపిన దారికి కట్టుబడ్డవాళ్ళు, వెతుకులాటా కట్టుబాటూ రెండూ లేనివాళ్ళు.

మూడో స్థితి తెలుగు ఇళ్ళకు బాగా తెలిసినదే. పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీనా బైపీసీనా అన్నది ఖాయమైపోతుంది. పదిహేనేళ్ళ పిల్లవాడు తాను ఇంజనీరని చెప్పుకుంటాడు, ఆ మాట తనదో నాన్నదో విడదీసి చూసుకునే అవకాశం అతనికి రాదు. ఇలా కట్టుబడ్డవాళ్ళంతా దుఃఖపడతారని కాదు. చాలామంది నిశ్చింతగా బతుకుతారు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, ఆ ఒక్క దారి మూసుకుపోయినప్పుడు. సీటు రాకపోతే పోయింది ఒక సీటు మాత్రమేనని ఆ పిల్లవాడికి అనిపించదు. తానే పోయినట్టు అనిపిస్తుంది. ఎందుకంటే వేరే తాను ఎవరో ఎప్పుడూ వెతకనివ్వలేదు.

ఆడపిల్లల విషయంలో వ్యవధి ఇంకా చిన్నది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. తానెవరో తేల్చుకునే వయసులో ఆ పిల్ల ఒకరికి భార్య, ఇంకొకరికి కోడలు, ఏడాది తిరిగేసరికి మరొకరికి తల్లి. ఐదో దశ తేలకముందే ఆరోదీ ఏడోదీ నెత్తిన పడ్డాయి. ఆమె ఒళ్ళో ఉన్న బిడ్డ తొలి దశ కూడా ఆ భారం కిందే మొదలవుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు దాకా కాలాన్ని 'వయోజనత్వం మొలకెత్తే దశ'గా విడిగా లెక్కించాలన్నాడు. దశల మధ్య వ్యవధి ఎంత దొరుకుతుందన్నది ఏ ఇంట్లో, ఏ కులంలో, ఆడో మగో ఎలా పుట్టామన్నదాన్ని బట్టి మారుతుందనడానికి ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఇద్దరు

ముందు తానెవరో తేలాలి, ఆ తర్వాతే ఇంకొకరికి నిజంగా దగ్గరవగలరన్నది ఎరిక్‌సన్ వరస. హార్వర్డ్‌లో ఆయన దగ్గర బోధనలో సాయపడిన కేరల్ గిల్లిగన్ 1982లో ఈ వరసనే ప్రశ్నించింది. ఇది మగవాళ్ళ జీవితాన్ని చూసి గీసిన పటమని, ఆడవాళ్ళు తామెవరో తేల్చుకునేది చాలాసార్లు అనుబంధాల లోపలి నుంచేనని ఆమె వాదన. ఇది న్యాయమైన వాదన. మన శాస్త్రాలు చెప్పిన నాలుగు ఆశ్రమాలకూ ఇదే లోపం ఉంది. భారతీయ మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ 1968లో ఆశ్రమ వ్యవస్థనూ ఎరిక్‌సన్ దశలనూ పక్కపక్కన పెట్టి వ్యాసం రాశాడు, పోలికలు చాలానే ఉన్నాయి. కానీ బ్రహ్మచారీ గృహస్థూ వానప్రస్థుడూ సన్యాసీ అందరూ పై కులాల మగవాళ్ళే. 

వయసుల వరసనూ మరీ బిగించి పట్టుకోనక్కర్లేదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం విద్యార్థులను 1966 నుంచి దశాబ్దాల పాటు వెంబడించిన అధ్యయనంలో, కాలేజీ రోజుల్లో వెనకబడినట్టు కనిపించినవాళ్ళలో చాలామంది ఆ తర్వాత పుంజుకుని మిగతావాళ్ళను అందుకున్నారు. ఎరిక్‌సన్ ఖాళీగా వదిలిన గళ్ళు అందుకే ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎవరి బతుకు వాళ్ళు ఎప్పుడైనా నింపుకోవచ్చు.

అహ్మదాబాద్, 1918

1962లో ఎరిక్‌సన్ మనిషి జీవిత దశల మీద జరిగిన ఒక సెమినార్ కోసం అహ్మదాబాద్ వచ్చాడు. ఆయనకు ఆతిథ్యమిచ్చిన అంబాలాల్ సారాభాయ్ ఒకప్పుడు గాంధీకి ప్రత్యర్థిగా నిలబడ్డ మిల్లు యజమాని అని అక్కడే తెలిసింది. 1918 నాటి ఆ సమ్మె కథ ఆయన్ను వదల్లేదు. ప్లేగు రోజుల్లో కార్మికులు ఊరు విడిచి పోకుండా ఇచ్చిన బోనస్‌ను యజమానులు ఆపేశారు. ధరలేమో మండిపోతున్నాయి. కూలి 35 శాతం పెంచమని గాంధీ కార్మికుల తరఫున అడిగాడు. ఇరవై దాటదన్నారు యజమానులు. కార్మికుల పక్షాన నిలిచినవాళ్ళలో అంబాలాల్ సొంత అక్క అనసూయా బెన్ ఉంది. రోజూ సాయంత్రం సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద సభ. వారాలు గడిచేకొద్దీ ఆకలికి కార్మికులు సడలిపోతుంటే మార్చి 15న గాంధీ నిరాహార దీక్ష మొదలుపెట్టాడు. మూడు రోజుల్లో రాజీ కుదిరింది. మధ్యవర్తి తీర్పు చివరికి 35 శాతానికే వచ్చింది.

అప్పుడు గాంధీకి 48 ఏళ్ళు. నడివయసు మనిషి తన తర్వాత మిగలాల్సినదాని పూచీ ఎత్తుకోవడం అంటే ఏమిటో ఎరిక్‌సన్‌కు ఇక్కడ కనిపించింది. ఏడో దశలోని ఉత్పాదకత పిల్లల్ని కనడంతో సరిపోదు. నేర్పడం, కట్టడం, కాపాడటం, తర్వాతివాళ్ళకు అప్పగించడం అన్నీ అందులోవే. బడి పంతులుకూ, చెట్లు నాటే రైతుకూ, శిష్యుణ్ణి తయారుచేసే నాదస్వర విద్వాంసుడికీ అది దక్కుతుంది. అది లేనివాడు తనను తానే పసిబిడ్డలా సాకుకుంటూ ఉండిపోతాడు. స్తబ్ధత అంటే అదే. ఆ సమ్మె మీద ఎరిక్‌సన్ రాసిన 'గాంధీస్ ట్రూత్' 1969లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందింది.

ఆ పుస్తకం మధ్యలో ఆయన కథనం ఆపి, చనిపోయిన గాంధీని సంబోధిస్తూ నేరుగా మాట్లాడతాడు. లక్షలమందిని లాలించిన మీరు కస్తూర్బా పట్ల, మీ దగ్గర పెరిగిన పిల్లల పట్ల ఎందుకంత కఠినంగా ఉన్నారని అడుగుతాడు. పెద్ద కొడుకు హరిలాల్ తండ్రితో తెగతెంపులు చేసుకున్న కథ లోకానికి తెలిసిందే.

ఈ ప్రశ్న ఎరిక్‌సన్ ఇంటికీ వర్తిస్తుంది. 1944లో ఆయనకూ జోన్‌కూ నీల్ అనే కొడుకు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఆ రోజుల్లో అమెరికాలో డాక్టర్లు సాధారణంగా ఇచ్చే సలహా మేరకు బిడ్డను సంస్థలో చేర్పించారు. మిగతా పిల్లల్లో చిన్నవాళ్ళకు తమ్ముడు పుట్టగానే పోయాడని చెప్పారు. నీల్ మాత్రం సుమారు ఇరవై ఏళ్ళు బతికాడు. బిడ్డకు తనదైన మనిషి ఉండాలని ప్రపంచానికి చెప్పే పుస్తకం రాస్తున్న సంవత్సరాల్లోనే ఇది జరిగింది. 1999లో లారెన్స్ ఫ్రీడ్‌మన్ రాసిన జీవితచరిత్రతో ఈ సంగతి లోకానికి విస్తారంగా తెలిసింది. దీనివల్ల సిద్ధాంతం అబద్ధమైపోదు. పెంచేవాళ్ళకు కూడా ధైర్యమిచ్చే సమాజం కావాలన్న మాటకు ఇంతకంటే బాధాకరమైన రుజువు ఉండదు. ఆనాటి వైద్యం, ఆనాటి సిగ్గు ఆ తల్లిదండ్రులకు ఆ ధైర్యం ఇవ్వలేదు. ఇవాళ డౌన్ సిండ్రోమ్ పిల్లలు ఇళ్ళల్లో పెరుగుతున్నారు, బడులకు వెళుతున్నారు. మారింది బిడ్డలు కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు.

చివరి వరస

ఎనిమిదో దశలో ప్రశ్న ఒక్కటే. గడిచిన బతుకును, దాని తప్పులతో సహా, ఇది నాదే అని ఒప్పుకోగలమా? ఒప్పుకోగలిగితే చావు భయం తగ్గుతుంది. లేకపోతే మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదన్న నిరాశ కమ్ముతుంది. ముసలివాళ్ళు పాత సంగతులే పదేపదే చెప్పడాన్ని చాదస్తమనుకోవద్దని రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు 1963లోనే చెప్పాడు. అది జీవితాన్ని తిరిగి లెక్కచూసుకునే పని, మనసుకు ఆ వయసులో అవసరమైన పని. ఆ పనికి వినే మనిషి ఒకరు కావాలి. పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి, ఊళ్ళో ఇద్దరే మిగిలిన ఇళ్ళల్లో కొరవడేది చాలాసార్లు ఆ వినే మనిషే.

ఎరిక్‌సన్ 1994లో, తొంభై రెండేళ్ళు నిండడానికి నెల రోజుల ముందు పోయాడు. తాము అంతకుముందు చెప్పిన వృద్ధాప్యం తొంభైల్లో అనుభవిస్తున్న వృద్ధాప్యంతో సరిపోలడం లేదని జోన్‌కు అర్థమైంది. 1982 నాటి 'ది లైఫ్ సైకిల్ కంప్లీటెడ్' పుస్తకానికి 1997లో తొమ్మిదో దశను ఆమె చేర్చింది. ఆ దశలో ఎనిమిది ప్రశ్నలూ ఒకేసారి తిరిగొస్తాయంటుంది. జంటల్లో చీకటి పక్షమే ముందు నిలుస్తుంది. సొంత కాళ్ళ మీద నమ్మకం పోతుంది. స్నానానికి ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చినప్పుడు స్వతంత్రతకు బదులు సిగ్గు వస్తుంది. మతిమరుపు వచ్చాక 'నేనెవరిని' అన్నది మళ్ళీ నిజమైన ప్రశ్న అవుతుంది. పటంలో పై వరసలోని గళ్ళు ఎందుకున్నాయో ఆమె రాత చదివితే అర్థమవుతుంది. ఏడాది బిడ్డకు కావలసిన భరోసా, పిలిస్తే పలికే మనిషి ఉన్నాడన్న భరోసా, తొంభై ఏళ్ళ మనిషికీ అంతే కావాలి.

కాబట్టి ఈ దశల్ని మనిషికో మార్కుల కాగితంలా వాడటం మానుకోవాలి. పిల్లవాడు బడిలో ముడుచుకుపోతే వాడిలో ఏ లోపముందని వెతికేముందు, వాడి చుట్టూ ఉన్న పెద్దలు ఏ దశలో ఎక్కడ ఆగిపోయారో చూడాలి. బాలింతకు జీతంతో కూడిన సెలవు దొరకాలి, పనికి పోయే తల్లి బిడ్డకు మంచి అంగన్‌వాడీ ఉండాలి. పదిహేనేళ్ళ వాళ్ళకు తప్పుదారి పట్టి వెనక్కి వచ్చే వీలుండాలి. ఆడపిల్లకు పెళ్ళికి ముందు నాలుగేళ్ళు తనవిగా మిగలాలి. రిటైరైనవాళ్ళకు నేర్పించే పని, ముసలివాళ్ళకు వినే చెవులు ఉండాలి. ఇవి వేర్వేరు శాఖలు వేర్వేరుగా చూసుకునే సమస్యలుగా కనిపిస్తాయి. ఎరిక్‌సన్ పటం తెలిసినవాళ్ళకు ఇవన్నీ ఒకే సమస్య. ఒక తరానికి మనం ఇవ్వనిది ఆ తరం ఇంకొకరికి ఇవ్వలేదు. ఇచ్చినది మాత్రం ఇచ్చినవాళ్ళ దగ్గరే ఆగిపోదు.